వీలునామా కేసుకి ‘నో విన్ నో ఫీ’ సంతకం పెట్టబోతున్నారా? ఆగండి!

ఇంగ్లండ్‌లో ఇంటిపెద్ద పోయాక, వీలునామాలో తమకి తగినంత రాయలేదని 1975 ఇన్‌హెరిటెన్స్ యాక్ట్ కింద కేసు వేసే మనవాళ్లు ఇది చదవండి. తెలిసినవాళ్లకి వచ్చిన ఫైనల్ బిల్లు ఇవాళే చూశాను. ఒళ్లు మండిపోతోంది.

‘నో విన్ నో ఫీ’ అంటే ఓడితే మన లాయర్‌కి ఫీజు ఉండదు, గెలిస్తే మామూలు ఫీజు పైన అదనంగా సక్సెస్ ఫీజు కట్టాలి. గెలిస్తే ఈ సక్సెస్ ఫీజు భారం కూడా చాలావరకు అవతలివాళ్ల మీదే పడుతుందని చెప్పి సంతకం పెట్టించారు. దానికి చూపించిన ఆధారం హీరాచంద్ కేసులో 2021 నాటి కోర్ట్ ఆఫ్ అప్పీల్ తీర్పు. ఆ తీర్పుని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 18న కొట్టేసింది! సంతకాలు జరిగింది ఆ తర్వాత. వారసత్వ కేసులే చేసే సొలిసిటర్‌కి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. చావు ఇంట్లో ఉన్నవాళ్ల ముందు చెల్లని తీర్పు పెట్టి సంతకం తీసుకోవడానికి చేతులెలా వచ్చాయి?

హీరాచంద్ కేసులో కూతురికి కింది కోర్టు 1,38,918 పౌండ్లు ఇచ్చింది. అందులో 16,750 సక్సెస్ ఫీజు కోసమే. సుప్రీంకోర్టు ఆ ముక్క తీసేసింది. సక్సెస్ ఫీజు లాయర్ ఖర్చే, దాన్ని ‘ఆర్థిక అవసరం’ పేరుతో వాటాలో కలపకూడదంది. అవతలివాళ్ల నుంచి విడిగా ఖర్చుల కింద రాబట్టే దారి 2013 ఏప్రిల్ నుంచే మూతపడింది. ఓడితే కట్టాల్సిన అవతలివాళ్ల ఖర్చుల కోసం తీసుకునే ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా అంతే.

అంటే లెక్క ఇలా ఉంటుంది. మామూలు ఫీజు 30,000 అయితే, 60 శాతం చొప్పున సక్సెస్ ఫీజు 18,000, దాని మీద వ్యాట్ 3,600. ఆ 21,600 మీ వాటాలోంచే పోతుంది. మామూలు ఫీజు కూడా అవతలివాళ్లు పూర్తిగా కట్టరు, కోర్టు కోత పెడుతుంది. ఆ తేడా కూడా మీదే. కోర్టు బయట రాజీ కుదిరినా సక్సెస్ ఫీజు పడుతుంది. కాబట్టి ఆఫర్ వచ్చిన రోజు, అన్నీ పోగా చేతికొచ్చేదెంతో రాతపూర్వకంగా అడగండి. తీర్పు పేరు చెప్తే దాని తేదీ అడగండి. మేం అడగమని చెప్పలేకపోయాం, ఆ బాధ ఉంది.

సంతకం అయిపోయినవాళ్లు: బిల్లు అందిన నెలలోపు కోర్టుని అసెస్‌మెంట్ (బిల్లు న్యాయంగా ఉందో లేదో పరిశీలన) అడిగే హక్కుంది. బిల్లు ఐదో వంతు, ఆపైన తగ్గితే ఆ అసెస్‌మెంట్ ఖర్చు మామూలుగా సొలిసిటర్ మీదే పడుతుంది.

ఇంకోటి. పోయినవారి డామిసైల్ (చట్టం దృష్టిలో శాశ్వత స్వస్థలం) ఇంగ్లండ్ లేదా వేల్స్ కాకపోతే ఈ చట్టమే వర్తించదు. 2025 ఏప్రిల్ నుంచి డామిసైల్ బదులు నివాసం చూస్తున్నది వారసత్వ పన్నుకి మాత్రమే, ఈ కేసులకి కాదు. ప్రొబేట్ (వీలునామా అమలుకి ఇచ్చే అధికార పత్రం) వచ్చాక ఆరు నెలలు దాటితే కేసు వేయడానికి కోర్టు అనుమతి కావాలి. ప్రొబేట్ ఎప్పుడొస్తుందో తెలియకపోతే ప్రొబేట్ రిజిస్ట్రీలో స్టాండింగ్ సెర్చ్ (ముందస్తు అర్జీ) పెట్టండి, రాగానే కాపీ పంపుతారు.