ఆడకుక్క పాలగ్రంథి కణితిలో మూలకణాల గుర్తులు: ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీయా, ఫ్లో సైటోమెట్రీయా?

కణం పైపొర మీద ఉండే గుర్తు ప్రొటీన్లలో సీడీ44 ఎక్కువ, సీడీ24 తక్కువ ఉన్న కణాల్లో మూలకణాల లక్షణాలు ఉండొచ్చని అనుమానిస్తారు. వాటిని పట్టడానికి ప్రధానంగా రెండు దారులు: ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (పలుచని ముక్కను స్లైడు మీద పెట్టి, యాంటీబాడీతో గుర్తులకు రంగు వేసి చూడటం), ఫ్లో సైటోమెట్రీ (విడదీసిన కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి గుర్తులు కొలవడం).

నమూనా: మొదటిదానికి 5 మి.మీ. మందం ముక్క, పదింతల 10 శాతం ఫార్మలిన్, 24–48 గంటలు. రెండోదానికి తాజా ముక్క, మంచుపెట్టె, వీలైతే అదే రోజు ల్యాబు. వరంగల్‌లో కోసి మే ఎండలో హైదరాబాద్ పంపేవారికి తేడా చెప్పక్కర్లేదు.

ఖర్చు: ఫ్లోకే ఎక్కువ. మొదటిదానికి వాడే పారాఫిన్ బ్లాకయితే (మైనంలో పొదిగిన ముక్క) ఏళ్ల తరబడి దాచుకోవచ్చు.

ఎక్కడ చెడుతుంది: ఫ్లోకు కణాలను విడదీయాలి. అందుకు వాడే ఎంజైముల్లో ట్రిప్సిన్ ఎక్కువసేపు ఉంచితే సీడీ44 కూడా తెగిపోయి, ఉన్న కణం లేనట్టు కనిపిస్తుంది, కొలాజినేజ్ మేలు. కుక్కల్లో తరచూ కనిపించే మిశ్రమ కణితుల్లో మృదులాస్థి, ఎముక ఉంటే ముక్క సరిగా విడిపోదు. స్లైడు మీద చిక్కు వేరు: మామూలు మయోఎపిథీలియల్ కణాలకూ (పాలగ్రంథిలో కుంచించుకుని పాలను నెట్టేవి) సీడీ44 రంగు పడుతుంది. ఒకే కణంలో రెండు గుర్తులూ చూడాలంటే జంట రంగులు వేయాలి. మనిషి కోసం చేసిన యాంటీబాడీ కుక్క కణజాలంలో పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాలి. కంట్రోల్ స్లైడు (పోల్చడానికి, ఫలితం ముందే తెలిసినది) లేని ఫలితం నమ్మొద్దు.

పాత బ్లాకులు, పీజీ థీసిస్, కణం ఎక్కడుందో తెలియాలి అనుకుంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. బతికున్న కణాలను వేరుచేసి పెంచాలంటే సార్టింగ్ (కావలసిన కణాలను వేరుచేసే సదుపాయం) ఉన్న ఫ్లో. యజమాని అడిగేది ‘కుక్క బతుకుతుందా’ అనే అయితే రెండూ వద్దు. గ్రేడు, కోత అంచులు, లింఫు గ్రంథి చూపించండి.