హింసను భరించిన సాక్షి, తనవారితో తెగిపోయిన సాక్షి: ఎవరి మాట మేలు?

"అబద్ధమని తెలిసి ఎవరైనా ప్రాణమిస్తారా?" అన్న ప్రశ్న క్రైస్తవ ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. యేసు తిరిగి లేచాడని చెప్పిన శిష్యులు హింసకు గురయ్యారు కనుక వారి మాట నమ్మదగినదని దాని తాత్పర్యం. అమెరికాలో మోర్మన్ మతశాఖను స్థాపించిన జోసెఫ్ స్మిత్, బంగారు రేకుల మీది రాతను అనువదించి మోర్మన్ గ్రంథం తెచ్చానన్నాడు; ఆ రేకులను దేవదూత చూపగా చూశామని 1829లో సాక్ష్యమిచ్చిన ముగ్గురు మోర్మన్ సాక్షులను పక్కన నిలబెట్టి ఈ వాదనను తూచడం న్యాయమని నా అభిప్రాయం.

మాట మార్చుకుంటే బతికిపోయే అవకాశం ఉన్నప్పుడే హింస సాక్ష్యానికి బలమిస్తుంది. సుమారు క్రీ.శ. 112లో క్రైస్తవులను విచారించిన రోమన్ గవర్నరు ప్లినీ, క్రీస్తును దూషించి దేవతలకు ధూపం వేసినవారిని విడిచిపెట్టినట్టు ట్రాజన్ చక్రవర్తికి రాశాడు. అయితే అప్పటికి యేసు మరణించి సుమారు ఎనభై ఏళ్లు గడిచాయి, అక్కడ శిక్ష పొందినవారు వినికిడితో నమ్మినవారే. 64లో రోమ్ తగలబడ్డాక నీరో చంపించిన వారి గురించి రాసిన రోమన్ చరిత్రకారుడు టాసిటస్, విశ్వాసం వదులుకుంటే ప్రాణం దక్కేదని ఎక్కడా చెప్పలేదు. జెబెదయి కుమారుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యములు ఒక్క వాక్యంలో ముగిస్తుంది. అతన్ని ఏమడిగారో, అతడేమన్నాడో అందులో లేదు. యేసు శిష్యుడు తోమా మన దేశంలో హతుడైనట్టు చెప్పే రచన మూడో శతాబ్దానిది.

మోర్మన్లపై హింసకు స్పష్టమైన ఆధారాలున్నాయి. వారిని నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలి అని మిస్సోరి గవర్నర్ బాగ్స్ 1838 అక్టోబర్ 27న ఆజ్ఞాపించాడు. మూడు రోజులకే ఆ రాష్ట్రంలోని హాన్స్ మిల్ అనే మోర్మన్ల ఊరి వద్ద 17 మంది హతులయ్యారు. అయితే నన్ను ఆలోచింపజేసేది ఈ హింస కాదు. అప్పటికే ఆ ముగ్గురు, అంటే ఆలివర్ కౌడరీ, డేవిడ్ విట్మర్, మార్టిన్ హారిస్, జోసెఫ్ స్మిత్‌తో విభేదించి సంఘం నుంచి బహిష్కృతులయ్యారు. "అంతా మోసం" అని ఒక్క మాట అంటే పగ తీరేది, చుట్టుపక్కలవారి మెప్పూ దొరికేది. అయినా తమ ప్రకటనను వెనక్కు తీసుకోలేదు. కౌడరీ, హారిస్ తర్వాత సంఘంలో చేరారు గాని, విట్మర్ 1888లో చనిపోయేవరకు తిరిగి చేరలేదు; అంతకు ఏడాది ముందు అచ్చువేసిన కరపత్రంలో స్మిత్ ఆ తర్వాత చేసిన ప్రకటనలను తిరస్కరిస్తూనే తన సాక్ష్యాన్ని నిలబెట్టుకున్నాడు. శత్రువు పెట్టే హింస గుంపును మరింత బిగిస్తుంది. తనవారితో తెగిపోయినవాడికి ఆ ఆసరా ఉండదు. అందుకే చిత్తశుద్ధికి ఇది పెద్ద పరీక్ష అంటాను.

అయినా చిత్తశుద్ధి వేరు, చూసినది నిజం కావడం వేరు. విట్మర్ నిజాయితీని ఒప్పుకున్నంత మాత్రాన బంగారు రేకులను ఒప్పుకోని క్రైస్తవుడు, అపొస్తలుల విషయంలోనూ అదే త్రాసు వాడాలి. ఆ త్రాసులో అందరికన్నా బరువు తూగేవాడు పౌలు. అతని మరణం కన్నా, తానే సంఘాన్ని హింసించానని గలతీయులకు రాసి, తన పక్షాన్ని విడిచి వచ్చిన తీరే దానికి కారణం. "ప్రభువును చూడలేదా?" అని కొరింథీయులను అడిగిన అతడు, ఆ చూసినది ఎలా ఉందో మాత్రం తన లేఖలలో వర్ణించలేదు.