నలభై దాటిన మగవాడికి లెవిన్సనా, వైలంటా?

‘అన్నీ ఉన్నాయిరా, మనసే కుదురుగా లేదు’ అనే నలభై దాటిన స్నేహితుడికి ఏం చదవమని చెప్పాలి? నాకు తోచేవి రెండు పేర్లు: సైకాలజిస్టు డేనియల్ లెవిన్సన్, సైకియాట్రిస్టు జార్జ్ వైలంట్. మగవాడి మనసు పాతికేళ్లకే గట్టిపడిపోదని, ఆ తర్వాతా ఎదుగుతుందని చూపించిన అమెరికన్లు ఇద్దరూ.

లెవిన్సన్ 40 మందితో గంటల తరబడి మాట్లాడాడు. కార్మికులు, కంపెనీ అధికారులు, జీవశాస్త్రజ్ఞులు, నవలాకారులు పదేసి మంది. 1978లో వచ్చిన ఆయన పుస్తకం జీవితాన్ని వయసుతో కొలుస్తుంది. 33 నుంచి 40 దాకా కుదురుకోవడం, 40 నుంచి 45 దాకా కుదుపు. ఆ కుదుపు గురించి చదివితే ‘నా ఒక్కడికే కాదన్నమాట’ అని ప్రాణం కుదుటపడుతుంది. అది చిన్న మేలేం కాదు. కానీ పదహారేళ్లకే ఇంటి బరువు మోసినవాడికీ, ముప్ఫై దాటేదాకా చదువుకున్నవాడికీ ఒకే క్యాలెండరా? నాకు మింగుడుపడదు. పైగా వాళ్లంతా 35, 45 ఏళ్ల మధ్యవాళ్లు. కుర్రతనం గురించి చెప్పిందంతా గుర్తు చేసుకుని చెప్పిందే.

వైలంట్ దగ్గర ఆ ఇబ్బంది తక్కువ. 1938లో హార్వర్డ్‌లో మొదలైన పరిశోధనను అందుకుని, అందులోని 268 మంది జీవితాలను దశాబ్దాల పాటు గమనించాడు. చదువుకున్న బాబులే కదా అంటారేమో, బోస్టన్ పేదవాడల్లో పెరిగిన 456 మందితోనూ పోల్చి చూశాడు. మనిషి ఎదుగుదలను పుట్టుక నుంచి ముసలితనం దాకా దశలుగా చెప్పిన సైకాలజిస్టు ఎరిక్ ఎరిక్సన్. ఆయన దశల్లో, ఒకరికి దగ్గరవడానికీ తర్వాతి తరాన్ని చూసుకోవడానికీ మధ్య ‘వృత్తిలో నిలదొక్కుకోవడం’ అనే మెట్టు చేర్చాడు. కష్టమొస్తే మనిషి దాన్ని ఎదుటివాళ్ల మీద రుద్దుతాడా, నవ్వుగానో సాయంగానో మార్చుకుంటాడా అన్నదీ పట్టించుకున్నాడు. టెన్షన్‌లో ఉన్నవాడికి ఈ నెలకి లెవిన్సన్ చాలు. ముందున్న ఇరవై ఏళ్లకి మాత్రం నేను వైలంట్‌నే ఇస్తాను.

తర్వాతి తరం మెట్టంటే నాకు మా నాన్న టైలరు షాపే గుర్తొస్తుంది. అక్కడి కుర్రాడికి రెండేళ్లుగా కాజాలు, గుండీలే పని. గుడ్డ కత్తిరించడం నాన్న ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఓ సాయంత్రం ప్యాంటు గుడ్డ మీద సుద్దగీతలు గీసి, కత్తెర వాడి చేతిలో పెట్టాడు. వాడు కత్తిరిస్తున్నంతసేపూ నాన్న చెయ్యి ముందుకు వెళ్తూ, వెనక్కి వస్తూనే ఉంది. కత్తెర మాత్రం పట్టుకోలేదు. అప్పుడు ఆయనకి నలభయ్యో, యాభయ్యో నేను లెక్కపెట్టలేదు.