డీబీజియం: మార్పును వదలదు, డిస్క్‌నూ వదలదు

ఆర్డర్ల టేబుల్‌లో స్టేటస్ మారగానే కస్టమర్‌కు ఎస్ఎంఎస్, గోడౌన్‌కు పికింగ్ లిస్ట్ వెళ్లాలి. ఈ పనికి చాలామంది ముందు రాసేది నిమిషానికోసారి నడిచే క్రాన్ జాబే. డిలీట్ అయిన రో దాని కంటపడదు. ఒకే నిమిషంలో స్టేటస్ రెండుసార్లు మారితే మొదటి మార్పు గల్లంతు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్న లిజన్, నోటిఫై జంట (ఒకటి కబురు పంపుతుంది, ఇంకోటి వింటుంది) తేలికే కానీ, పంపే కబురు 8000 బైట్ల లోపే ఉండాలి. పైగా వినే ప్రోగ్రామ్ ఆ క్షణాన కనెక్షన్‌లో లేకపోతే ఆ కబురు మళ్లీ రాదు.

డీబీజియం దారి వేరు. డేటాబేస్ తన కోసం రాసుకునే లాగ్‌నే చదివి (పోస్ట్‌గ్రెస్‌లో వాల్, మైఎస్‌క్యూఎల్‌లో బిన్‌లాగ్) ప్రతి మార్పునూ ఈవెంట్‌గా కాఫ్కాకు (ఈవెంట్లను అందుకుని ఇతర ప్రోగ్రామ్‌లకు చేరవేసే వ్యవస్థ) పంపుతుంది. ఓపెన్ సోర్స్, లైసెన్స్ ఖర్చు లేదు. ఇక్కడ చెప్పేదంతా పోస్ట్‌గ్రెస్ కనెక్టర్ (పోస్ట్‌గ్రెస్ లాగ్‌ను చదివే భాగం) గురించి.

ముందు వాల్ లెవెల్‌ను లాజికల్‌కు మార్చాలి. దీనికి సర్వర్ రీస్టార్ట్ తప్పదు, కాబట్టి రాత్రి పెట్టుకోండి. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో అయితే పారామీటర్ గ్రూప్‌లో లాజికల్ రెప్లికేషన్‌ను 1 చేయాలి. వాల్‌ను చదవగలిగే రూపంలోకి మార్చే ప్లగిన్ పేరు పీజీఅవుట్‌పుట్ అని మీరే రాయాలి, ఎందుకంటే డిఫాల్ట్‌గా ఉండేది డీకోడర్‌బఫ్స్, అది సర్వర్‌లో విడిగా ఇన్‌స్టాల్ చేయాల్సిన సరుకు. ఏ టేబుళ్ల మార్పులు బయటికి పంపాలో చెప్పే జాబితానే పబ్లికేషన్; దాని ఆటోక్రియేట్ మోడ్‌ను ఫిల్టర్డ్ చేయండి. అలాగే వదిలేస్తే అన్ని టేబుళ్లకూ పబ్లికేషన్ వేయబోతుంది, అందుకు సూపర్‌యూజర్ హక్కు కావాలి.

వర్క్‌ఫ్లోలకు వాడేవాళ్లు మొదటి రోజే బోల్తా పడేది స్నాప్‌షాట్ దగ్గర. మొదటిసారి నడిచినప్పుడు కనెక్టర్ టేబుల్‌లో ఉన్న పాత రోలన్నీ చదివి, ఒక్కోదానికి ఒక్కో ఈవెంట్ పంపుతుంది. ఆ ఈవెంట్ల ఆప్ ఫీల్డ్‌లో ఆర్ అని ఉంటుంది. కొత్త రోకు సీ, మార్పుకు యూ, తొలగింపుకు డీ. ఆర్‌ను వడగట్టకపోతే ఎప్పుడో డెలివరీ అయిన ఆర్డర్లకు కూడా ఎస్ఎంఎస్‌లు వెళ్లిపోతాయి.

‘పెండింగ్ నుంచి షిప్డ్‌కు మారినప్పుడే’ అనే షరతు పెట్టాలంటే పాత విలువ కావాలి. డిఫాల్ట్‌గా అప్‌డేట్ ఈవెంట్‌లో బిఫోర్ భాగం ఖాళీగా వస్తుంది. ఆ టేబుల్‌కు రెప్లికా ఐడెంటిటీ ఫుల్ పెడితేనే పాత రో మొత్తం కనిపిస్తుంది, బదులుగా వాల్ లావెక్కుతుంది. అవసరమైన ఒకటి రెండు టేబుళ్లకే పెట్టడం మేలు. ఇంకో చికాకు: న్యూమరిక్ కాలమ్‌లో 499.50 ఉంటే జేసన్‌లో అర్థం కాని బేస్64 అక్షరాలు వస్తాయి. డెసిమల్ హ్యాండ్లింగ్ మోడ్‌ను స్ట్రింగ్ చేస్తే సరిపోతుంది. ఇది డిఫాల్ట్‌గా ఎందుకు లేదో అనిపిస్తుంది.

అసలు ప్రమాదం రెప్లికేషన్ స్లాట్. కనెక్టర్ ఎంతవరకు చదివిందో స్లాట్ గుర్తుపెట్టుకుంటుంది, అక్కడి నుంచి ఉన్న వాల్‌ను పోస్ట్‌గ్రెస్ చెరపదు. శుక్రవారం సాయంత్రం కనెక్టర్ ఆగి ఎవరూ చూడకపోతే సోమవారానికి డిస్క్ నిండి, డేటాబేసే ఆగిపోవచ్చు. కనెక్టర్‌ను తీసేసినా స్లాట్ అలాగే ఉంటుంది, దాన్ని చేత్తో డ్రాప్ చేయాలి. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ అనే పరిమితి ఉంది, డిఫాల్ట్ -1, అంటే హద్దు లేదు. హద్దు పెడితే డిస్క్ బతుకుతుంది, కానీ అది దాటితే స్లాట్ చెల్లదు, మళ్లీ స్నాప్‌షాటే గతి. అందుకే పరిమితి పెట్టి, దానిలో సగానికే అలారం మోగేలా చూసుకోవాలి.

కనెక్టర్ చక్కగా నడుస్తున్నా డిస్క్ పెరుగుతుంటే, అదే సర్వర్‌లోని ఇంకో డేటాబేస్‌ను చూడండి. వాల్ అందరికీ ఉమ్మడి. మీరు గమనిస్తున్న టేబుళ్లు నిద్రపోతూ పక్కది ఊపు మీదుంటే స్లాట్ ముందుకు జరగదు. చిన్న హార్ట్‌బీట్ టేబుల్ పెట్టి, దాన్ని పబ్లికేషన్‌లో చేర్చి, హార్ట్‌బీట్ యాక్షన్ క్వెరీతో అందులో రాయిస్తే ఈ చిక్కు తీరుతుంది.

రీస్టార్ట్ అయినప్పుడు ఒకే ఈవెంట్ రెండుసార్లు రావచ్చు. ఎస్ఎంఎస్ పంపేముందు ప్రైమరీ కీ, ఎల్ఎస్ఎన్ (వాల్‌లో ఆ మార్పు ఉన్న చోటును చెప్పే సంఖ్య) కలిపి ఒక టేబుల్‌లో యూనిక్‌గా రాసి, అది ఇప్పటికే ఉంటే వదిలేయాలి.

టేబుల్ మార్పుల మీద నేరుగా వర్క్‌ఫ్లో కట్టడం మాత్రం మాకు నచ్చదు. ఎవరో కాలమ్ పేరు మారిస్తే ఎస్ఎంఎస్‌లు ఆగిపోతాయి. ఆర్డర్‌ను మార్చే అప్లికేషన్ అదే ట్రాన్సాక్షన్‌లో ఔట్‌బాక్స్ (పంపాల్సిన కబుర్లు ఉంచే) టేబుల్‌లో ‘ఆర్డర్ పంపబడింది’ అని ఒక రో రాసి, డీబీజియంకు ఆ ఒక్క టేబుల్‌నే చూపించడం మంచిది. దీనికి ఔట్‌బాక్స్ ఈవెంట్ రౌటర్ డీబీజియంలోనే ఉంది.

ఇప్పటికే కాఫ్కా ఉన్నచోట కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. లేనిచోట, రోజుకు రెండొందల ఆర్డర్ల కోసం కాఫ్కా క్లస్టర్ వేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. అలాంటివాళ్లు కాఫ్కా అక్కర్లేని డీబీజియం సర్వర్‌తో హెచ్‌టీటీపీకో రెడిస్‌కో పంపుకోవచ్చు. స్లాట్ కాపలా మాత్రం అక్కడా తప్పదు.