ఉంగరమా, తాళంచెవా, ఆర్బా: ఆటగాళ్ల మధ్య మారకానికి ఏది మేలు?

గోదావరి డెల్టాలో కౌలు మాట్లాడుకునేటప్పుడు రైతులు నేటికీ ఎకరాకు ఇన్ని బస్తాలని లెక్క కడతారు. చివరికి చేతులు మారేది డబ్బే అయినా, బేరం 75 కిలోల ధాన్యం బస్తా మీదనే కుదురుతుంది. ధాన్యం అందరికీ కావలసినది, కొలవడానికి సులువైనది, పండినది పండినట్టు తినగా తీరిపోయేది. ఆన్‌లైన్ ఆటల్లో ఆటగాళ్లు ఆట ఇచ్చిన నాణేలను కాదని ఏదో ఒక వస్తువును డబ్బుగా ఎందుకు ఎంచుకుంటారో, అందులో ఏది నిలబడుతుందో తేల్చడానికి ఈ మూడు గుణాలూ చాలు. వాటిలో మూడవదే ముఖ్యమని నా అభిప్రాయం.

భీమవరం, అమలాపురం కుర్రవాళ్లు ఫోన్లలో ఆడే బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)లో ఈ వ్యవహారం కనిపించదు. ఆటలో వాడే యూసీ అనే డబ్బును ఒకరు మరొకరికి నేరుగా చెల్లించే వీలు అందులో లేదు కనుక, కొందరు నిబంధనలకు విరుద్ధంగా ఏకంగా ఖాతాలనే అమ్ముకుంటారు. ఉదాహరణలకు కంప్యూటర్ ఆటల వైపే చూడాలి.

2000లో వచ్చిన, రాక్షసులను చంపి సామగ్రి సంపాదించే డయాబ్లో 2 ఆటలో నాణేలుగా బంగారం ఉంది. కానీ వెంట ఉంచుకోగలిగిన బంగారానికి హద్దు ఉండడం, పాత్ర చనిపోతే అందులో కొంత పోవడం, పైగా దానితో చేయగలిగిన పని తక్కువ కావడం వల్ల మంచి సామగ్రి ఉన్నవారెవరూ దాన్ని పుచ్చుకోలేదు. ఆ స్థానంలోకి స్టోన్ ఆఫ్ జోర్డన్ అనే ఉంగరం వచ్చింది. అది సంచిలో ఒక్క గడి మాత్రమే ఆక్రమిస్తుంది, ఏ తరగతి పాత్రకైనా పనికివస్తుంది. అయితే ఎంత వాడినా అరగదు. దొంగ నకళ్లు కుప్పలుగా పుట్టినా తగ్గే దారి లేదు. 2003 నాటి 1.10 ప్యాచ్‌లో, అంటే ఆటకు చేసిన మార్పుల విడతలో, ఆ ఉంగరాలను వర్తకులకు అమ్మితే ఒక ప్రత్యేక శత్రువు ప్రత్యక్షమయ్యే ఏర్పాటు చేశారు. క్రమంగా పెద్ద బేరాలు రూన్లు అనే చిన్న రాళ్ల లెక్కలోకి మారాయి. ఆయుధంలో పొదిగితే రూన్ ఖర్చైపోతుంది.

టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే తుపాకుల ఆటలో పోటీ రెండు వస్తువుల మధ్య జరిగింది. అక్కడ 18 ఆయుధాలు కరిగిస్తే ఒక రిఫైన్డ్ మెటల్ (లోహపు ముక్క) అవుతుంది. ఆయుధాలు ఆడేవారందరికీ ఉచితంగా రాలుతూనే ఉంటాయి, కరిగిన లోహం మాత్రం అంత వేగంగా ఖర్చు కాదు. ఆటలో దొరికే బహుమతుల పెట్టెలు తెరిచే తాళంచెవికి కంపెనీ దుకాణంలో 2.49 డాలర్ల స్థిరమైన ధర ఉంది. పెట్టె తెరవగానే అది మాయమవుతుంది. తొలినాళ్లలో రెండు మూడు రిఫైన్డ్‌లకు దొరికిన తాళంచెవి తరువాతి కాలంలో యాభై దాటింది. చిల్లరకు లోహం, దాచుకోవడానికి తాళంచెవి అన్న విభజన అలా ఏర్పడింది. తాళంచెవికి ఉన్న ప్రమాదం వేరు: అదే కంపెనీ మరో ఆట కౌంటర్ స్ట్రైక్‌లో అమ్ముడై చేతులు మారుతున్న తాళంచెవులు దాదాపు అన్నీ మోసపు సొమ్ముతో కొన్నవేనని భావించి, 2019 అక్టోబరు నుంచి కొత్తవాటి బదిలీని వాల్వ్ సంస్థ నిలిపివేసింది. దుకాణం తలుపుకు తాళం వేసే అధికారం ఎప్పటికీ యజమానిదే.

ఉంగరం, తాళంచెవి, ఆర్బు అనే మూడింటిలో నేను పాత్ ఆఫ్ ఎక్జైల్ అనే ఆటలోని ఆర్బులకే, అంటే వస్తువుల మీద ప్రయోగించే గోళాలకే, మొగ్గుతాను. 2013లో విడుదలైనప్పుడు ఆ ఆటలో నాణేలే లేవు. కేయాస్ ఆర్బును ప్రయోగిస్తే వస్తువు గుణాలు మారుతాయి, ఆర్బు ఖర్చవుతుంది. ఆటగాడు ప్రతిసారీ దాన్ని వాడుకోవాలా, దానితో కొనుక్కోవాలా అని తేల్చుకోవలసిందే. దాని విలువను నిలబెట్టేది ఆ సందిగ్ధమే. 2022 ఆగస్టులో మేలైన తయారీ పనుల ఖర్చును ఎగ్జాల్టెడ్ అనే ఖరీదైన ఆర్బు నుంచి డివైన్ అనే మరో ఆర్బుకు మార్చగానే, పెద్ద బేరాలన్నీ డివైన్ లెక్కలోకి వెళ్లిపోయాయి. ఎవరూ ఆజ్ఞాపించలేదు, వాడకం మారిన చోటికి విలువ నడిచి వెళ్లింది. పైగా కొన్ని నెలలకొకసారి కొత్త లీగ్ (ఆట కొత్త విడత) మొదలై అందరూ ఖాళీ చేతులతో బయలుదేరడం వల్ల పాత నిల్వల బరువు కొత్తవారి మీద పడదు.

కొత్తగా చేరేవారు లీగ్ మొదటి రోజుల్లో కేయాస్‌తో బేరాలు సాగించి, మిగులు చేరగానే డివైన్‌లోకి మార్చుకోవడం మేలు, ఎందుకంటే సాధారణంగా రోజులు గడిచేకొద్దీ ఒక డివైన్‌కు ఇవ్వవలసిన కేయాస్‌ల సంఖ్య పెరుగుతుంది. టీమ్ ఫోర్ట్రెస్‌లో ఉన్నవారు లోహాన్ని నిల్వ చేయకుండా తాళంచెవులుగా మార్చుకోవడం మంచిది.