బ్రైటన్ రాయల్ పెవిలియన్: మన సిపాయిల గాయాలు మానిన రాజమహల్

మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యంలోకి వెళ్తున్న ఊరు, అందుకే మిలిటరీ మాధవరం అంటారు. మా నాన్నగారు సుబేదారుగా రిటైరయ్యారు. లండన్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు "నాన్నా, నువ్వు చూడాల్సింది ఒకటుంది" అంటూ బ్రైటన్ రైలెక్కించింది. గంట ప్రయాణం. స్టేషన్ నుంచి పల్లానికి నడుచుకుంటూ పోతే సముద్రమే. భీమిలిలోలా ఇసుక ఉండదు, ఒడ్డంతా గులకరాళ్లు.

ఒకప్పుడిది జాలర్ల ఊరు. సముద్రపు నీళ్లలో మునిగినా, ఆ నీళ్లు తాగినా జబ్బులు తగ్గుతాయని 1750లో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు పుస్తకం రాశాక డబ్బున్నవాళ్ల రాక మొదలైంది. 1783లో యువరాజు వచ్చాడు, తర్వాత నాలుగో జార్జి రాజైంది ఆయనే. ఇక్కడ ఆయన కట్టుకున్న ఇంటిని 1815 నుంచి 1822 దాకా జాన్ నాష్ అనే ఆర్కిటెక్టు గుమ్మటాలు, మినార్లు పెట్టి మహల్‌గా మార్చాడు. అదే రాయల్ పెవిలియన్. బయట చూస్తే మన దేశంలో ఉన్నట్టుంటుంది, లోపలంతా చైనా అలంకారం. 1841లో లండన్ రైలు పడి జనం పెరిగారు. విక్టోరియా రాణి ఈ మహల్‌ని వదులుకుంటే 1850లో ఊరివాళ్లు 53,000 పౌండ్లకి కొనుక్కున్నారు.

విందు గదిలో డ్రాగన్ గోళ్లకి వేలాడే షాండ్లియర్ బరువు టన్ను దాకా ఉంటుంది. చూడాల్సిందే. కానీ నన్ను నిలబెట్టేసింది మాత్రం ఆసుపత్రి ఫొటోలు. 1914 డిసెంబరు నుంచి 1916 జనవరి వరకు ఫ్రాన్స్ యుద్ధంలో గాయపడ్డ భారతీయ సిపాయిల్ని ఇక్కడే ఉంచారు. అదే షాండ్లియర్ల కింద వరసగా మంచాలు, తలపాగాలతో కుర్రాళ్లు. తాటిచెట్ల లాంటి ఇనప స్తంభాలున్న రాజుగారి వంటగది ఆపరేషన్ థియేటర్ అయింది. కులం, మతం పట్టింపులు చూసుకుని విడిగా తొమ్మిది వంటశాలలు పెట్టారు, హిందువులకీ ముస్లింలకీ మంచినీళ్ల కుళాయిలు కూడా వేరు. సామ్రాజ్యం మీ పిల్లల్ని ఎంత బాగా చూసుకుంటోందో చూడండని మన దేశంలో ప్రచారానికీ ఈ ఫొటోలు వాడారు. నయమయ్యాక కొందరిని మళ్లీ యుద్ధానికే పంపారు. ఆ ముఖాల్లో మా ఊరి పిల్లల ముఖాలు కనిపించి నాకు కాళ్లు కదల్లేదు. తోటలోకి వెళ్లే దక్షిణ ద్వారాన్ని 1921లో భారత ప్రజల కానుకగా కట్టారు. చాలామంది దాని కిందనుంచి ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోతున్నారు. మీరు మాత్రం ఆగండి.

టికెట్ డబ్బులకి పూర్తి న్యాయం జరిగింది. లోపల రెండు గంటలైనా పెట్టుకోండి. అయితే అక్కడితో తిరిగొచ్చేయకండి. బ్రైటన్ శివారు పాచమ్ పైన గడ్డి కొండల మీద ఛత్రి అనే స్మారకం ఉంది. బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిలు 53 మందిని దహనం చేసిన చోటు అది. ముస్లిం సిపాయిల్ని వోకింగ్ అనే ఊళ్లో ఖననం చేశారు. ఛత్రి దాకా కారు పోదు, కొండెక్కాలి. గాలి విసురు ఎక్కువ, స్వెట్టర్ తప్పదు. తెల్లటి పాలరాతి గొడుగు, దాని పక్కనే 2010లో పెట్టిన రాతి మీద ఆ 53 పేర్లు. అమ్మాయి ఒక్కో పేరూ పైకి చదివింది. నేను టోపీ తీసి, చివరి పేరు దాకా నిలబడే విన్నాను.