పాత మిర్రర్ పడవతో ఏడేళ్లు: ఏ అతుకు నిలిచింది, ఏది మళ్లీ కారింది

పాత మిర్రర్ డింగీ ఒకదాన్ని ఏడేళ్లుగా నడుపుతున్నాను. దానికి నేను చేసిన రిపేర్లలో కొన్ని ఈ ఏడేళ్లూ నిలిచాయి, కొన్ని ఒక్క సీజన్ కూడా దాటలేదు. ఏ జిగురైనా ఆరిన రోజున బాగానే కనిపిస్తుంది. అది పనికొచ్చిందో లేదో రెండు మూడేళ్లు ఎండకీ నీళ్లకీ నానాక గానీ తెలియదు. అందుకే ఇన్నాళ్లూ ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం పడవ గురించి రెండు మాటలు. జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ కలిసి 1960ల మొదట్లో రూపొందించిన చిన్న తెరచాప పడవ ఇది. బ్రిటన్‌లోని డైలీ మిర్రర్ పత్రిక ముందుకు తెచ్చింది కాబట్టి ఆ పేరు, పత్రిక రంగుకు తగ్గట్టు ఎర్ర తెరచాపలు. పొడవు 3.3 మీటర్లు, ఖాళీ పడవ బరువు 45 కిలోల చిల్లర. పలచని ప్లైవుడ్ పలకల అంచులకు బెజ్జాలు వేసి, రాగి తీగతో కుట్టి, ఆ కుట్టు మీద గాజునార పట్టీని రెజిన్‌తో (ఆరితే గట్టిపడే జిగురు ద్రవం) అంటిస్తే పడవ తయారు. వడ్రంగం రానివాళ్లు కూడా ఇంట్లోనే కట్టుకోగలిగారు. ముందు ఒకటి, వెనక ఒకటి, రెండు పక్కలా రెండు, మొత్తం నాలుగు మూసిన గాలి అరలు ఉంటాయి. బోల్తా పడినా పడవ మునగకుండా కాపాడేవి అవే.

అసలు టెన్షన్ కూడా వాటితోనే. మనం కూర్చునే చోటికి నీళ్లు వస్తే కంటికి కనిపిస్తాయి, తోడేస్తాం. అరలోకి చేరిన నీళ్లు కనిపించవు. రెండో ఏడు ఒక గాలి రోజున పడవ తిరగబడింది. లేపాక కుడివైపు ఒరిగిపోయింది, ఎంత సర్దినా నిటారుగా నిలవలేదు. ఒడ్డుకు చేరి చూస్తే కుడి అరలో రెండు బకెట్ల నీళ్లున్నాయి. బకెట్టుకు పది కిలోల లెక్కన వేసుకోండి. అదీ ఒక్క చోట ఆగని బరువు, పడవ ఎటు వంగితే అటే పరిగెత్తుతుంది. ఆ రోజు నుంచి మిగతా లీకుల కంటే అరల లీకులే నాకు ముఖ్యం.

చాలాకాలం అర్థం కాని విషయం ఒకటుండేది. చల్లటి రోజుల్లో కొద్దిగా ఊరే అర, మండే ఎండలో మాత్రం బాగా నిండేది. కారణం లోపలి గాలి. ఎండలో ఉన్న పడవ అరలో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఏ సన్న సందు దొరికినా బయటికి పోతుంది. అలాగే చల్లటి నీళ్లలోకి దింపితే మిగిలిన గాలి ఒక్కసారిగా చల్లబడి, లోపలి ఒత్తిడి పడిపోతుంది. పూర్తిగా బిగిసిన అరలో గాలి 10 డిగ్రీలు చల్లబడితే ఒత్తిడి సుమారు 3 శాతం తగ్గుతుంది. అంటే దాదాపు 30 సెంటీమీటర్ల లోతు నీళ్ల ఒత్తిడితో సమానం. ప్లైవుడ్ కాస్త వంగుతుంది కాబట్టి నిజంగా అంత ఉండకపోవచ్చు. అయినా ఈ పడవ అడుగు నీళ్లలో దిగేది అంత లోతు కూడా కాదు. సూదిమొన అంత రంధ్రం ఉన్నా అర నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. ఇది తెలిశాక అరల మూతలు తెరిచే ఉంచుతున్నాను, పడవను నీళ్లలోకి దింపి పది నిమిషాలు చల్లబడనిచ్చాకే బిగిస్తున్నాను. ఒడ్డుకు రాగానే మళ్లీ తెరుస్తాను. ఒక్క చుక్క జిగురు వాడకుండానే లీకు సగానికి తగ్గింది.

మిగతా సగానికి చోటు వెతకాలి. మొదట్లో నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. నీళ్లు కనిపించిన చోటే కారుతోందనుకుని అక్కడ పూసేవాణ్ణి. నీళ్లు ఒక చోట చొరబడి, అతుకు వెంట పాకి, ఇంకెక్కడో బయటపడతాయి. ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. అర బిరడా రంధ్రంలో సన్నటి ప్లాస్టిక్ గొట్టం బిగించి నోటితో ఊదుతాను. అతుకుల మీద, స్క్రూల చుట్టూ, మూత అంచున సబ్బునీళ్లు బ్రష్‌తో పూస్తాను. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ పెన్సిల్‌తో గుర్తు. నోటితో ఊదే గాలి చాలు. కంప్రెసర్ మాత్రం పెట్టకండి, పలుచటి ప్లైవుడ్ అర ఉబ్బి, బాగున్న అతుకులు కూడా విడిపోతాయి. మొదటిసారి ఇలా చూసినప్పుడు కుడి అరలోనే తొమ్మిది గుర్తులు పడ్డాయి. అంతకుముందు నేను పూసిన చోట ఒక్కటీ లేదు.

ఆ తొమ్మిదిలో ఆరు పాత పట్టీ కిందివే. ఈ పాత పడవలకు వాడింది పాలియెస్టర్ రెజిన్. అది ఆరేటప్పుడు కుదించుకుపోతుంది, ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ చెక్కను పట్టుకున్నంత గట్టిగా పట్టుకోదు. ఏళ్లు గడిచాక పట్టీ పైకి బాగానే కనిపిస్తుంది, కింద మాత్రం చెక్క నుంచి విడిపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. అంటుకుని ఉన్న చోట గట్టిగా మోగుతుంది, విడిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. దాని మీదే కొత్త పట్టీ వేయాలనిపిస్తుంది, నేనూ ఒకసారి వేశాను. ఏడాది తిరక్కుండానే రెండూ కలిసి లేచొచ్చాయి. డొల్లగా ఉన్నంత మేర పాతది పీకేయాల్సిందే. హీట్ గన్‌తో కాస్త వేడి చేస్తే తేలిగ్గా వస్తుంది.

తర్వాత చెక్కను ఆరబెట్టడం. ఇక్కడ తొందరపడిన ప్రతిసారీ దెబ్బతిన్నాను. పడవను నీడలో బోర్లించి, మూతలు తీసి నెల రోజులు వదిలేశాను. ఆరాక శాండ్‌పేపర్‌తో గీకి, మొదట ఉత్త ఎపాక్సీ పలుచగా పూసి చెక్కను తాగనిచ్చాను. మూలలో సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీని గుండ్రంగా దిద్ది, అది పచ్చిగా ఉండగానే 50 మి.మీ. గాజునార పట్టీ పరిచాను. రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పాళ్లు కంటి అంచనాతో కాదు, తూకంతో కలపాలి. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందనేది తప్పు, ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. ఆరిన ఎపాక్సీ మీద ఒక్కోసారి మైనంలాంటి పొర తేలుతుంది. దాన్ని నీళ్లతో రుద్ది కడిగితేనే తర్వాతి పూత పడుతుంది. ఎండకు ఎపాక్సీ పాడవుతుంది కాబట్టి పైన పెయింట్ తప్పనిసరి. ఇలా చేసిన అతుకుల్లో ఒక్కటి కూడా ఐదేళ్లలో మళ్లీ కారలేదు. ఈ పడవకు నేను చేసినవాటిలో నూటికి నూరు మార్కులు దీనికే.

సందుల్లో నీళ్లు దూరకుండా పెట్టే సీలెంట్ల గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. మామూలు సిలికాన్‌ను చెక్క పడవ దగ్గరికి రానివ్వకండి. నాకంటే ముందు ఎవరో చుక్కాని బిగింపుల కింద సిలికాన్ పెట్టారు. అది ఊడాక కూడా కంటికి కనిపించని జిడ్డు మిగులుతుంది, దాని మీద పెయింట్ గానీ ఎపాక్సీ గానీ అంటదు. ఆ చోట చెక్క పైపొర గీకేస్తే గానీ పని కాలేదు. పాలీయూరిథేన్ సీలెంట్ నీళ్ల కింద బాగా పనిచేస్తుంది, కానీ గట్టిరకం వాడితే రేపు ఆ భాగం విప్పేటప్పుడు ప్లైవుడ్ పొర కూడా లేచి వస్తుంది. మళ్లీ విప్పే అవసరం లేని చోటే దాన్ని వాడుతున్నాను. పాలీసల్ఫైడ్ చెక్కకు మంచిదే గానీ కొన్ని ప్లాస్టిక్‌లను పెళుసు చేస్తుంది, ప్లాస్టిక్ మూతల కింద పెట్టకూడదు.

మూతలకీ, డెక్ మీది బిగింపులకీ నాకు బాగా నచ్చింది బ్యూటైల్ టేపు, అంటే మెత్తటి జిగట రబ్బరు పట్టీ. ఎప్పటికీ గట్టిపడదు, ఎప్పుడైనా విప్పొచ్చు, చేతికి అంటినా బాధ లేదు. ఒక చిన్న కిటుకు ఉంది. బోల్టు రంధ్రం పై అంచును కొద్దిగా గిన్నెలా తొలిస్తే, బిగించినప్పుడు టేపు ఆ గుంటలో చేరి బోల్టు చుట్టూ రింగులా కూర్చుంటుంది. ఒకేసారి బిగించెయ్యకుండా రెండు మూడు రోజులపాటు రోజుకు కొంచెం బిగించాలి. నీటిమట్టం పైనున్న భాగాలకే ఇది.

స్క్రూ రంధ్రాలన్నిటికీ ఇప్పుడు ఒకటే పద్ధతి. పెద్ద సైజులో తొలిచి, ఎపాక్సీతో నింపి, అది ఆరాక మధ్యలో సరైన సైజు రంధ్రం వేస్తాను. సీలెంట్ పోయినా నీళ్లు చెక్కను తాకవు. పని రెట్టింపే, కానీ వెనక పలకకు చుక్కాని బిగించిన చోట కుళ్లు ఎంత దూరం పాకిందో చూశాక ఇంకోలా చేయబుద్ధి కాలేదు.

డాగర్‌బోర్డ్ అంటే పడవ పక్కకు జారకుండా అడుగు నుంచి నీళ్లలోకి దింపే పలక. అది దూరే పెట్టె అడుగు అతుకు నన్ను ఎక్కువగా ఏడిపించింది. పక్కగాలిలో నడిచేటప్పుడు బోర్డు మీద పడే తోపుడంతా ఆ అతుకే మోస్తుంది, కాబట్టి పైపైన పూసిన ప్రతీదీ పగిలింది. లోపలివైపు రెండు వరుసల పట్టీ వేసి, బోర్డు పెట్టెలో అటూ ఇటూ కొట్టుకోకుండా పలుచటి కార్పెట్ ముక్కలు అంటించాకే ఆగింది. అసలు మందు పట్టీ కంటే ఆ కార్పెట్ ముక్కలేనని నా నమ్మకం. బోర్డు కదలడం ఆగితే అతుకు మీద దెబ్బ ఆగుతుంది.

చిన్న చిన్న మార్పుల్లో బాగా ఉపయోగపడినవి: బిరడాలకు తాడు కట్టడం, పెద్ద తెరచాపకు ఒక వరుస రీఫ్ తాళ్లు (గాలి ఎక్కువైతే తెరచాపను కొంత మడిచి కట్టేవి), కాళ్లు దోపుకునే పట్టీలకు పొడవు సర్దుకునే బకిల్. రీఫ్ లేకుండా పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లకండి. నడిచేటప్పుడు నీళ్లు తానే లాగేసే సెల్ఫ్ బెయిలర్ పెట్టమని చాలామంది చెప్పారు. పెట్టలేదు. దాని వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంటే అదే కారుతుంది, ఇంత చిన్న పడవకు బకెట్టూ స్పాంజీ చాలు.

ఇంకా కుదరనిది ఒకటుంది. అడుగున రాపిడి పట్టీల స్క్రూలు ప్రతి రెండేళ్లకోసారి వదులవుతాయి, పడవను గులకరాళ్ల మీదికి లాగినందుకు. కింద చక్రాల ట్రాలీ పెట్టడం మొదలుపెట్టాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మొన్న సీజన్ చివర్లో నాలుగు అరలూ స్పాంజితో తుడిచాను. మూడు పొడిగా ఉన్నాయి, ముందు అరలో అర కప్పు నీళ్లు వచ్చాయి. సబ్బునీళ్లు పూస్తే మూత రబ్బరు రింగు దగ్గర ఒక్క బుడగ లేచింది. రింగు మార్చాలి.